అసిరమ్మ పెట్టిన బడి కుప్ప

ఊఁ కొడుతూ వినండి. ఎప్పటి మాటో మాత్రం అడగొద్దు. సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా అరకోసు అవతల ఉన్న రోజుల మాట. మా ముత్తాతల ముత్తాతలు తెడ్డు పట్టడం నేర్చుకుంటున్న రోజుల మాట. అప్పుడు మొగలిపేట అని ఒక ఊరు. ఊరి ముందు ఇసక, ఇసక ముందు నీళ్లు, ఊరి వెనక మొగలి పొదలు. నూరు గడపలు. నూరు గడపలకీ కలిపి ఒకటే పెద్ద వల.

పెద్ద వల అంటే ఎంత పెద్దదనుకున్నారు? ఆరుగురు మనుషులు నావ ఎక్కి, వలని నీళ్లలో వదులుకుంటూ చుట్టూ తిరిగి ఒడ్డుకి వచ్చేసరికి పొద్దు బారెడు ఎక్కేది. వలకి రెండు కొసలు. రెండు కొసలకీ రెండు తాళ్లు. ఉత్తరపు తాడుకి నలభై మంది, దక్షిణపు తాడుకి నలభై మంది. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ. మడమలు ఇసకలో దిగబెట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి, హైలెస్స అంటూ లాగాలి. లాగితేనే వల వస్తుంది. వల వస్తేనే పొయ్యి వెలుగుతుంది.

ఉత్తరపు తాడు చిట్టచివర ఉండేది అసిరమ్మ. సన్నగా, ఎండిన నెత్తళ్ల చేపలా ఉండేది. ఆమెకి వల లేదు, నావ లేదు, పిల్లాజెల్లా లేరు. తాడు కొస పట్టుకుని లాగడం, లాగిన తాడుని చుట్ట చుట్టి పెట్టడం ఆమె పని. ఇంకో పని కూడా ఉంది. చేపల్ని పంచడం.

ఆ ఊళ్లో పంపకం పద్ధతి తాతల నాటిది. ఒడ్డున పడ్డ చేపల్ని కుప్పలు పెట్టాలి. వలకి రెండు కుప్పలు. నావకి ఒకటి. అమ్మవారికి ఒకటి. తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒకటి. పంచిన చేతికి ఆఖరిది. ఆఖరి కుప్ప అంటే మిగిలింది. లెక్క తప్పితే పంచిన మనిషికే నష్టం. అందుకే ఆ పని ఏమీ లేని మనిషికి ఇచ్చేవారు. అసిరమ్మ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో చేపల్ని తోస్తూ పోయేది. ఎవరి కుప్పో చూసేది కాదు, కుప్పనే చూసేది. ఎనభై కుప్పలూ ఒకే కడుపున పుట్టినట్టు ఉండేవి. ఆమె పంచితే ఇంకొకరు నోరెత్తింది లేదు.

ఇదీ అసిరమ్మ. ఇక ఆమెకి జరిగింది చెబుతాను.

ఆమె పెనిమిటి పేరు తవుడు. ఒక ఏడు వేట సరిగా సాగక, సరుకు నావల్లో కూలికి దూరపు రేవుకి వెళ్లాడు. కొన్నాళ్లకి ఎవరో బాటసారి వచ్చి ఒక ఉత్తరం ఇచ్చి పోయాడు. మొగలిపేటలో ఉత్తరం చదవగలిగిన కన్ను ఒక్కటి లేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. శుభమే అయి ఉంటుందన్నారు. అమ్మవారి ముందు పెట్టి దండం పెట్టారు. తరువాత అసిరమ్మ దాన్ని ఇంటి కప్పులో తాటాకుల మధ్య దోపింది. గాలివానల కాలం వచ్చింది, పోయింది. దారులు ఆరాక అసిరమ్మ గంప నెత్తిన పెట్టుకుని పై ఊరి సంతకి వెళ్లింది. అక్కడ ఒక అరుగు మీద ఒక కుర్ర పంతులు నలుగురు పిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్నాడు. ఉత్తరం అతని చేతిలో పెట్టింది.

నాకు జ్వరం, నడవలేకుండా ఉన్నాను, ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి అని ఉంది అందులో.

అసిరమ్మ మళ్లీ చదవమంది. చదివాడు. మళ్లీ చదవమంది. మూడోసారి సగంలో ఆపి, ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. అప్పటికి ఉత్తరం వచ్చి రెండు నెలలు. ఊరివాళ్లు నావ కట్టుకుని ఆ రేవుకి వెళితే తవుడిని పూడ్చిన చోటు చూపించారు.

ఆమె ఏడ్చింది. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు మళ్లీ పై ఊరికి నడిచి ఆ కుర్ర పంతులు ముందు నిలబడి, మా ఊరికి రా బాబూ, మాకు సదివే కన్ను లేదు అంది. అతని పేరు కూర్మయ్య. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. వారం తిరక్కుండా భుజాన మూట వేసుకుని మొగలిపేటకి వచ్చేశాడు.

మొగలి పొదల పక్కన నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పితే బడి అయింది. ముందు పది మంది పిల్లలు, తరువాత ఇరవై, తరువాత నలభై. అందరూ ఒక్క గొంతుతో అక్షరాలు చదువుతుంటే తాడు లాగేవాళ్లకి ఒడ్డు మీదకి వినిపించేది. లాగేవాళ్లు నవ్వుకుంటూ ఇంకాస్త గట్టిగా లాగేవారు. ఊరికి కొత్త పెళ్లికూతురు వచ్చినంత సంబరం.

సంబరం సరే. పంతులు కడుపు మాటేమిటి?

మొదట గడప గడపకీ అనుకున్నారు. బడి వదిలాక కూర్మయ్య గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి, ప్రతి ఇల్లాలూ ఇంత వెయ్యాలి. ఒక నెల బాగానే వేశారు. రెండో నెల రేపు రమ్మన్నారు. ఒక ఇల్లాలు మంచి చేప వేసి, మావాడికి కాస్త ఎక్కువ చెప్పండి అంది. ఇంకో ఇల్లాలి దగ్గర వెయ్యడానికి ఏమీ లేదు. ఆ ఇంటి పిల్ల మర్నాడు బడిలో అందరి వెనకా తల వంచుకుని కూర్చుంది. మూడో రోజు మానేసింది. కూర్మయ్య బడి మూసి మూట కట్టుకున్నాడు. అసిరమ్మ ఎదురెళ్లి భుజాన ఉన్న మూట దించింది. ఇంకో దారి చూద్దాం బాబూ అంది.

రెండోసారి కారయ్య ముందుకొచ్చాడు. కారయ్య అంటే పెద్ద వల సొంతదారు. పెద్ద మీసం, పెద్ద గొంతు, చెయ్యి కూడా పెద్దదే. ఊరందరినీ ఇబ్బంది పెట్టడమెందుకు, పంతులికి నేనొక్కణ్ణే తిండి పెడతాను అన్నాడు. అన్నట్టే పెట్టాడు. రెండు పూటలా వేడి అన్నం, చేపల పులుసు. అయితే పాఠం సగంలో కబురొచ్చేది. కారయ్య గారు పిలుస్తున్నారు, బేరగాడికి చీటీ రాయాలట. కారయ్య గారు పిలుస్తున్నారు, సంతకి వెళ్లిరావాలట. నలభై మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చునేవారు. కొన్నాళ్లకి ఊళ్లో అందరూ దాన్ని కారయ్య బడి అనడం మొదలెట్టారు. తాడు లాగేవాళ్లు తమ పిల్లల్ని పంపడానికి మొహమాటపడ్డారు. కూర్మయ్య మళ్లీ బడి మూసి మూట కట్టుకున్నాడు. అసిరమ్మ మళ్లీ ఎదురెళ్లి మూట దించింది. ఇంకో దారి చూద్దాం బాబూ అంది.

మూడోసారి అమ్మవారి పండగ వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. అందరి మనసులూ నిండుగా ఉన్నాయి. అసిరమ్మ బడి మాట ఎత్తేసరికి ఊరు ఊరంతా పొంగిపోయింది. ఒకరు బియ్యం మూట తెచ్చారు. ఒకరు కొత్త చాప తెచ్చారు. ఒక కొత్త కోడలు కాలి కడియం తీసి ఇచ్చింది. ఏడాదికి సరిపోతుందనుకున్నారు. మూడు నెలలకే అయిపోయింది. ఆ తరువాత వాన కొట్టింది. బడి కప్పు ఒక పక్కకి ఒరిగింది. పక్కింటివాళ్లు చూస్తారులే అని ప్రతి ఇల్లూ అనుకుంది. చివరికి కప్పు కూలి నేల మీద పడింది. తడిసిన తాటాకుల కింద పలకలు.

కూర్మయ్య మూడోసారి మూట కట్టుకున్నాడు. అసిరమ్మ ఎదురెళ్లింది. ఈసారి అతను మూట దించనివ్వలేదు.

"అమ్మా, మీ ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు" అన్నాడు. "గుర్తొస్తే కడుపు నిండా పెడతారు. కానీ నా తిండి వాళ్లకి గుర్తు రావడం మీద ఆధారపడితే నేను పిల్లల మొహాలు చూడలేను. వాళ్ల అమ్మల చేతులే చూస్తూ ఉంటాను."

అసిరమ్మ మూట మీంచి చెయ్యి తీసింది. తరువాత, అసలు నీకెంత కావాలి బాబూ అని అడిగింది. ఇన్నాళ్లలో ఎవరూ అడగని మాట అది.

తాడు పట్టే మనిషికి ఎంత వస్తే అంత చాలు, మీతో పాటు తింటాను, మీతో పాటు పస్తుంటాను అన్నాడు కూర్మయ్య.

తాడు పట్టే మనిషి వాటా. అసిరమ్మ రోజూ చేతులారా పెట్టే కుప్ప. అది ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉంది. మూడు రోజులు ఆగు బాబూ, మూడంటే మూడే రోజులు అని పరుగులాంటి నడకతో ఒడ్డుకి వచ్చింది.

మొదటి రోజు వల వచ్చింది. అసిరమ్మ పంచింది. వలకి రెండు, నావకి ఒకటి, అమ్మవారికి ఒకటి. ఆ పక్కనే ఇంకో కుప్ప పెట్టింది. అది ఎవరిదని అడిగారు. బడిదని చెప్పింది. కారయ్యకి కోపం వచ్చింది. తాతల నాటి పంపకంలో వేలు పెట్టడానికి నువ్వెవరివన్నాడు. ఆ కుప్పని తిరిగి రాశిలో కలిపించాడు. అసిరమ్మ మళ్లీ మొదటి నుంచి పంచింది.

రెండో రోజు వల రాకముందే ఊరందరినీ కూర్చోబెట్టి అడిగింది. పిల్లలు లేనివాళ్లు, మాకెందుకన్నారు. పిల్లలు పెద్దవాళ్లయిపోయినవాళ్లు, అప్పుడు లేని బడి ఇప్పుడెందుకన్నారు. పిల్లలున్నవాళ్లు, ఎవరికి తోచింది వాళ్లు ఇస్తే పోలేదా అన్నారు. కారయ్య మీసం సవరించుకుని, దానం అయితే ఎంతైనా ఇస్తాను, ఇది పన్ను అన్నాడు.

పన్నే అంది అసిరమ్మ.

మూడో రోజు వచ్చింది. ఆ రోజు సంగతి ఎలా చెప్పను! తెల్లవారేసరికి సముద్రం మీద ఒక మచ్చ కనిపించింది. మబ్బు నీడేమో అనుకున్నారు. ఆకాశంలో మబ్బు లేదు. మచ్చ కదులుతోంది. నీళ్లు ఉడుకుతున్నట్టు బుసబుసమంటున్నాయి. కానాగంత చేపలు. ఒకటి కాదు, నూరు కాదు, గుంపులకు గుంపులు. కేకలు లేచాయి. పొయ్యి మీద గంజి పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. నడవలేని ముసలివాళ్లు పాక్కుంటూ వచ్చారు. నావ దూకింది. వల చుట్టింది. రెండు తాళ్లూ ఒడ్డుకి చేరాయి.

లాగారు. వల రాలేదు. అంత బరువు. తాడు బిగిసి వణుకుతోంది. అరచేతుల చర్మం లేస్తోంది. ఉత్తరపు తాడు ఒక బారెడు గెలిస్తే సముద్రం అరబారెడు వెనక్కి లాక్కుంటోంది. హైలెస్స అన్న కేక ఒడ్డు పొడుగునా మోగిపోతోంది. కూర్మయ్య కూడా పంచె ఎగ్గట్టి దక్షిణపు తాడు పట్టాడు. పట్టడం రాక రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి ఊపిరి లేదు. పొద్దు బారెడెక్కింది, రెండు బారలెక్కింది. అప్పుడు వల కడుపు నీళ్లలోంచి లేచింది. వెండి కొండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఇసక మీద పడింది.

అంత రాశి ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. మోకాలి లోతు చేపలు. చేపల వీపుల మీద నీలి గీతలు ఎండకి మెరుస్తున్నాయి. ఊరంతా గెంతులు. ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఊగిపోతున్నారు. పై ఊరి బేరగాడు గొడుగు వేసుకుని బళ్లు తోలుకుని వచ్చేశాడు. ఇక పంచడమే తరువాయి. అందరూ అసిరమ్మ కోసం చూశారు.

అసిరమ్మ తాడు చుట్ట మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది.

పంచవేం అని అడిగారు. బడి కుప్ప పెడతారా అని అడిగింది. పెట్టం అన్నాడు కారయ్య. అయితే మీరే పంచుకోండి నాయనా, నా చెయ్యి లేవదు అంది.

దానికేం భాగ్యం అని కారయ్య పంచడానికి వంగాడు. మంచివాడే, మోసం చేసే రకం కాదు. కానీ వలవి రెండు కుప్పలూ కాస్త ఎత్తుగా కనిపించాయి. ఉత్తరం వైపు కుప్పలు పెద్దవని దక్షిణపు తాడువాళ్లన్నారు. నీ కళ్లే పెద్దవని ఉత్తరపు తాడువాళ్లన్నారు. గొడవైంది. కుప్పలన్నీ కలిపేశారు.

తరువాత అమ్మవారి పూజారి నీలయ్య పంచడానికి వచ్చాడు. దేవుడి మనిషి, ఆయన్ని ఎవరు కాదంటారు? పంచుతూ పోతుంటే అమ్మవారి కుప్ప నడుమెత్తు లేచింది. ఎవరికీ నోరు రాలేదు. ఒక ముసలామె మాత్రం, కిందటేడు అమ్మ ఇంత తినలేదే అంది. గొడవైంది. కుప్పలన్నీ కలిపేశారు.

ఆ తరువాత బేరగాడు గొడుగు పక్కన పెట్టి, నేను బయటివాణ్ణి, నాకెవరైనా ఒకటే, నేను పంచుతాను అన్నాడు. పెద్ద చేపలన్నీ ఒక కుప్పలోకి, పిల్ల చేపలన్నీ మిగతా వాటిలోకి నడిచిపోయాయి. పెద్ద చేపల కుప్ప ఎవరిదంటే, అది నేను కొనుక్కునేది అన్నాడు. ఇంకేముంది, అన్నిటికంటే పెద్ద గొడవ అప్పుడే అయింది. ఆ గొడవలో గొడుగు ఊచలు ఊచలుగా విరిగింది. కుప్పలన్నీ మళ్లీ కలిపేశారు.

ఎండ నడినెత్తికి వస్తోంది. గద్దలు దిగుతున్నాయి. చేపల మీద నీలి గీతలు మెల్లగా మాసిపోతున్నాయి. ఇంకో గడియ ఆగితే ఈ కొండంతా పెంట కుప్పే. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరూ కారయ్య వైపు చూశారు. కారయ్య నడుచుకుంటూ వచ్చి అసిరమ్మ ఎదురుగా నిలబడ్డాడు. మీసం కిందికి దిగింది. గొంతు మాత్రం ఇంకా పెద్దగానే ఉంది.

"అప్పా, నీకా పిల్లలు లేరు. ఆ బడిలో నీది ఒక్క బిడ్డ కూడా కూకోడు. నీకెందుకే ఈ పంతం?"

అసిరమ్మ తల ఎత్తింది.

"ఆ వల నాదా తమ్ముడా?"

"కాదు."

"ఈ తాడు నాదా?"

"కాదు."

"మరి ముప్పై ఏళ్లు ఎందుకు లాగినాను? నాదైతేనే లాగుతానని నానంటే, నాదైతేనే లాగుతానని ఈ ఎనభై మందీ అంటే, నీ వల ఇయ్యేళ సముద్రంలోంచి బయటికొచ్చునా?"

ఆ మాట కారయ్య వెనకున్న వాళ్లు విన్నారు. వాళ్ల వెనకున్న వాళ్లకి చెప్పారు. ఒడ్డు పొడుగునా ఆ మాట నడిచింది. పిల్లలు లేనివాళ్లు తమ అరచేతులు చూసుకున్నారు. ఆ చేతుల్లో తాడు గీతలు ఉన్నాయి. పిల్లలున్నవాళ్లవీ అవే గీతలు.

కుప్ప ఎంత ఉండాలి అని కారయ్య నెమ్మదిగా అడిగాడు. తాడు పట్టే మనిషి కుప్పంత, వీసం ఎక్కువొద్దు, వీసం తక్కువొద్దు అంది. ప్రతి వలకీనా అన్నాడు. ప్రతి వలకీ, మనసు బాగున్న రోజూ, బాగులేని రోజూ అంది. సరే నేను ఒప్పుకున్నాను, ఇక లే అన్నాడు.

అసిరమ్మ లేవలేదు.

"నువ్వొక్కడివీ ఒప్పుకుంటే అది నీ దానం, తమ్ముడా. ఊరు ఒప్పుకుంటేనే పన్ను. పన్నయితే పంతులు ఎవళ్లకీ దండం పెట్టక్కర్లేదు."

తాను కూర్చున్న తాడు చుట్ట విప్పి ఇసక మీద బారుగా పరిచింది. ఒప్పుకున్నవాళ్లు వచ్చి తాడు పట్టండి, ఒప్పుకోనివాళ్లు పట్టొద్దు, మీ వాటా మీకు పంచే పెడతాను, ఎవరి మీదా నాకు కోపం లేదు అంది.

గద్ద ఒకటి చేపని తన్నుకుపోయింది. ముందు కదిలింది ఎవరనుకున్నారు? బడిలో తల వంచుకుని కూర్చుని మానేసిన ఆ పిల్ల ఉందే, ఆమె తల్లి. గంపలో వెయ్యడానికి ఏమీ లేని తల్లి. ఆమె వచ్చి తాడు పట్టింది. ఆమె వెనక పిల్లలు లేని దంపతులు వచ్చారు. అప్పుడు లేని బడి ఇప్పుడెందుకన్న ముసలాయన గొణుక్కుంటూనే వచ్చి పట్టాడు. పూజారి నీలయ్య వచ్చాడు. ఉత్తరపు తాడువాళ్లు, దక్షిణపు తాడువాళ్లు కలగలిసిపోయారు. చివరికి తాడు మీద ఇంకో చెయ్యి పెట్టడానికి చోటు లేదు. కారయ్య జరగండి జరగండి అంటూ దూరి, రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని, ఎందుకో తెలియకుండానే హైలెస్స అన్నాడు. ఊరంతా హైలెస్స అంది. లాగడానికి ఏమీ లేదు. అయినా అందరూ వెనక్కి వాలారు.

అప్పుడు చేపల రాశి దగ్గరికి వచ్చింది అసిరమ్మ. మోకాళ్ల మీద కూర్చుని పంచడం మొదలెట్టింది. ఆ చేతులు ఎలా ఆడాయో చూడాలి. వలకి రెండు. నావకి ఒకటి. అమ్మవారికి ఒకటి. బడికి ఒకటి. తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒకటి. పంచిన చేతికి ఆఖరిది. గంపలు నిండాయి, బళ్లు కదిలాయి, ఒక్క చేప కూడా చెడలేదు. గొడుగు విరిగిన బేరగాడు కూడా నవ్వుతూనే వెళ్లాడు.

కూర్మయ్య అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. బడి కుప్ప ముందు నిలబడ్డాడు. ఇది మీరు నాకు పెడుతున్నారా అని అడిగాడు. కాదు, ఇది నీ వాటా, తీసుకెళ్లు అంది అసిరమ్మ. అతను మూట విప్పేశాడు. మళ్లీ కట్టలేదు.

ఆ రోజు నుంచి ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. తమ గంపతో పాటు బడి గంప కూడా పై ఊరికి మోసుకెళ్లి, చేపలిచ్చి బియ్యం, పలకలు, తాటాకులు తెచ్చేవారు. బడికి కొత్త కప్పు పడింది. మానేసిన పిల్ల తిరిగి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఊరికి వచ్చిన ఉత్తరం ఆ పూటే ఒడ్డు మీద చదివేవారు. కారయ్యకి చీటీ రాయాల్సి వస్తే బడి వదిలేదాకా కూర్చుని, తరువాత అడిగేవాడు.

అంతా బాగున్నప్పుడు ఇవ్వడం సులువే. ఒక ఏడు సముద్రం ఎండిపోయినట్టయింది. నలభై రోజులు వల ఖాళీగా వచ్చింది. నాచు, చిల్లపీతలు, అంతే. వల ఖాళీ అయితే బడి కుప్పా ఖాళీయే. ఊరు గంజి తాగితే పంతులూ గంజి తాగాడు. బడి మాత్రం ఒక్క రోజు మూయలేదు. నలభై ఒకటో రోజు నాలుగు గంపల నెత్తళ్లు పడ్డాయి. మనిషికి గుప్పెడు వస్తే ఎక్కువ. పంచడానికి అసిరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కారయ్య అది చూశాడు. తానే వంగి, అమ్మవారి కుప్ప పక్కన ఒక గుప్పెడు పెట్టాడు.

"బడిది, అప్పా. మరచిపోనావేటి?"

అసిరమ్మ చెంగుతో మొహం తుడుచుకుని పంచుతూ పోయింది.

ఆమె ఇంకా చాలా ఏళ్లు బతికింది. చివరిదాకా తాడు కొస వదల్లేదు. ఒకరోజు వల లాగి, పంచి, తన కుప్ప గంపకెత్తుకుని ఇంటికి వెళ్లి పడుకుంది. మళ్లీ లేవలేదు. బడి పిల్లలు, బడి దాటి పెద్దవాళ్లయినవాళ్లు, వాళ్ల పిల్లలు, అందరూ ఆమెని మోశారు. కూర్మయ్యకి అప్పటికి జుట్టు నెరిసింది. అందరికంటే వెనక నడిచాడు.

మర్నాడు వల వచ్చింది. ఏళ్ల తరబడి తాడు మధ్యలో లాగిన ఇంకో పేదరాలు కొసకి జరిగింది. పంచడానికి ఆమెనే కూర్చోబెట్టారు. వలకి రెండు, నావకి ఒకటి, అమ్మవారికి ఒకటి, బడికి ఒకటి. మనుషులందరికీ అయ్యాయి. తన ఆఖరి కుప్ప తాను పెట్టుకుంది. లేచి చూసుకునేసరికి ఒక కుప్ప ఎక్కువ ఉంది. రోజూ చూసి అలవాటైన లెక్క, చనిపోయిన మనిషిని కూడా లెక్కపెట్టేసింది.

ఆ కుప్ప ఎవరూ ముట్టుకోలేదు. వారసులు లేరు. రాశిలో కలిపెయ్యమని ఎవరి నోటా రాలేదు. ముసలి కారయ్య కర్ర ఊతంతో వచ్చి, అది అసిరప్పది, అలాగే ఉండనీండి, బడి కుప్ప పక్కన పెట్టండి అన్నాడు. ఆ రోజుకే అనుకున్నారు. మర్నాడు కూడా పెట్టారు. ఆ మర్నాడు కూడా పెట్టారు.

పది రోజులు చూసి కూర్మయ్య ఊరి ముందుకు వచ్చాడు. నాకు ఒక కుప్ప చాలు, రెండో కుప్పతో ఇంకో మనిషి బతకొచ్చు, పిల్లలు నూరు దాటారు, ఇంకో పంతుల్ని తెచ్చుకుందాం అన్నాడు. ఏటి అవతలి ఊరి నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. పిల్లలు ఆమె పేరు అడగలేదు. అసిరమ్మ కుప్ప మీద వచ్చింది కాబట్టి అసిరమ్మ పంతులమ్మ అన్నారు. ఆమె ఒప్పుకుంది.

కూర్మయ్య పోయాడు, కారయ్య పోయాడు, ఆ పంతులమ్మా పోయింది. ఎన్నో వలలు చిరిగాయి, ఎన్నో వలలు అల్లారు. మొగలిపేట బడిలో ఇప్పటికీ ఒకరిని బడి పంతులంటారు, ఇంకొకరిని అసిరమ్మ పంతులంటారు. వచ్చినవాళ్లు ఆడైనా మగైనా, ఏ ఊరివాళ్లయినా, ఏ పేరువాళ్లయినా అంతే. కొత్త పంతులు బస్సు దిగి తన పేరు చెప్పబోతే తాడు దగ్గర ముసలమ్మలు విననే వినరు. ఏ కుప్ప పంతులువి నాయనా అని అడుగుతారు. ఎవరూ చెప్పకపోతే ఆ పంతులికేం తెలుస్తుంది? బిక్కమొహం వేస్తారు. అప్పుడు ముసలమ్మలు నవ్వి, పక్కకి జరిగి, తాడు మీద చోటు చూపిస్తారు.

ఆ ఊరి బడిలో ఏ పంతులూ మొదటి రోజు పాఠం చెప్పరు. పాదాలు ఇసకలో దిగబెట్టి, ఊరితో కలిసి తాడు లాగుతారు. పాఠం రెండో రోజు నుంచి.